నిరోధ్ వద్దన్న మనిషి

"బావా, నువ్వు కూడా రక్తం పరీక్ష సేయించుకో" అన్నాడు దేవేంద్ర.

సాలూరులో లారీ నీడన కూకుని అన్నం తింటన్నాడు డ్రైవర్ పోలినాయుడు. మగోళ్లు మగోళ్లని ఎతుక్కునే ఫోను యాపులో కిందటేడు దొరికినాడు ఆయన. మొదటిపాలి దేవేంద్ర నిరోధ్ తీస్తే, "మన మధ్యన ఇదేటిరా, నేను నీకు పరాయోడినా" అన్నాడు. ఆ ఒక్క మాటకి దేవేంద్ర కరిగిపోయి, ఇంకెప్పుడూ అడగనేదు.

"దేనికిరా పరీక్ష?"

"నాకు హెచ్చైవీ ఉన్నాదని ఆస్పత్రిలో సెప్పినారు. నావల్ల నీకు గాని అంటుకున్నాదేమోనని పొందూరు నుంచి బస్సులో ఏడుసుకుంటా వచ్చినాను. నన్ను తన్నినా పడతాను బావా."

పోలినాయుడు అన్నం కలుపుతానే ఉన్నాడు. "నీవల్ల కాదులే. నిన్ను సూడకముందే నాకున్నాది."

దేవేంద్ర ఆయన ఎదరికొచ్చి కూకున్నాడు. "తెలిసే నిరోధ్ వద్దన్నావా?"

"అదుంటే నాకు బాగోదు. నువ్వూ ఊఁ అన్నావు కదేటి."

"మరి ఇంటికాడ ఈశ్వరక్కో? కట్టుకున్నదానికి కూడా అంటించేసినావేటి?"

అప్పటిదాకా తల ఎత్తనోడు, ముద్ద ఆపి ఉరిమి సూసినాడు.

"నోరు ముయ్యి. తెలిసిన కాడినుంచి నిరోధ్ నేకుండా దాని దగ్గరకి ఒక్కనాడూ ఎళ్లనేదు. పెళ్లాంరా అది, నా పిల్లల తల్లి. నీలాటోళ్లు ఫోన్లో బోల్డుమంది దొరుకుతారు."

అనేసి, మిగిలిన అన్నంలోకి మజ్జిగ పోసుకున్నాడు.