ఆఖరి సూది

నాలుగేళ్ళపాటు నెలనెలా జబ్బ అప్పగించాక, ఈ రోజు ఆఖరి సూది పడింది. "ఇక పువ్వుల పుప్పొడి ఎలర్జీ మీ జోలికి రాదు," అన్నాడు డాక్టరు.

తేల్చుకోవద్దూ? మా ఆవిడని వెంటబెట్టుకుని తిన్నగా పార్కుకి పోయి, ఒళ్ళంతా పూసిన చెట్టు కిందే బెంచీ మీద కూలబడ్డాను. గుండెల నిండా గాలి పీల్చాను. తుమ్ము లేదు, దురద లేదు, కళ్ళల్లో తడి లేదు. జేబురుమాలు తీసి గర్వంగా ఆవిడ చేతిలో పెట్టాను.

ఆవిడ నవ్వింది. "పెళ్ళికి ముందు మనం కలుసుకున్నది ఈ బెంచీ మీదే, గుర్తుందా? మీరు నాకు నచ్చలేదని చెప్పేద్దామనే వచ్చాను. నోరు తెరిచేలోపే మీకు కళ్ళమ్మట బొటబొటా నీళ్ళు! నా కోసం అంతలా ఏడ్చే మనిషిని కాదనలేకపోయాను."

నేను తల దించుకుని చెప్పుల వంక చూసుకున్నాను.

ఆవిడ తలెత్తి చెట్టుని చూసింది. చేతిలోని పొడి రుమాలుని చూసింది.

"అవునూ, ఆ రోజు కూడా ఈ చెట్టు పూసే ఉంది కదండీ?"

చిన్నబోయిన ఆ గొంతు విని నా కళ్ళల్లో గిర్రున నీళ్ళు తిరిగాయి. ఈసారి నిజంగా ఆవిడ కోసమే.

ఆవిడ రుమాలు నా ఒళ్ళో పడేసి లేచింది.

"నాలుగేళ్ళు పొడిపించుకుని ఏం లాభం? పదండి, ఆ డాక్టర్నే అడుగుదాం."