బదులు మనిషి

లాంచీ వచ్చి ఓడ పక్కన ఆగింది. అందులో వచ్చిన బదులు మనిషి మాత్రం తాడు నిచ్చెన ఎక్కలేదు. మొహానికి తువ్వాల చుట్టుకుని, తలెత్తి ఓడనే చూస్తున్నాడు.

పైన భోజన్న రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు. ఇంతకుముందు వచ్చిన ఇద్దరూ ఇలాగే చూశారు. గల్ఫ్ సముద్రంలో తుప్పు పట్టిన ఓడ, దాంట్లో ఒక్కడే మనిషి. ఎక్కకుండానే తిరిగి అజ్మాన్ రేవుకు వెళ్లిపోయారు.

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిన సరుకుల స్టీమరు అది. 1982 వచ్చేసరికి సరుకు మోయడం మానేసింది. అమ్ముడుపోయేదాకా కంపెనీ దాన్ని లంగరు మీద ఉంచింది. పెద్ద బాయిలర్లు చల్లబడ్డాయి. చిన్న బాయిలర్ మాత్రం ఆరకూడదు. అది ఆరితే నీళ్లు తోడే పంపు ఆగుతుంది. పంపు ఆగితే రివెట్ల సందుల్లోంచి నీళ్లు నిండి ఓడ మునుగుతుంది. అందుకే బదులు మనిషి పైకెక్కితే తప్ప భోజన్న కిందికి దిగడానికి లేదు. దిగితే ఇంటికే. పొద్దున్నే సామాను మూట కట్టుకున్నాడు.

ఈసారి ఇంకో పని కూడా చేశాడు. ఖలాసీలు వదిలేసి పోయిన చొక్కాలు, లుంగీలు గదుల్లోంచి ఏరుకొచ్చి, తడిపి, డెక్కు పొడవునా ఆరేశాడు.

"ఎక్కబ్బా, ఎండ మాడ్చేస్తా ఉండాది," అన్నాడు లాంచీ నడిపే హయాత్ బాషా. నెల్లూరు మనిషి.

బదులు మనిషి నిచ్చెన మీద చెయ్యి వేశాడు. "అన్నా, మీదే ఊరు?" అని పైకి కేకేశాడు.

తమ వైపు మాట. వారానికోసారి బాషా నీళ్ల డబ్బాలు అందించి పోయేటప్పుడు తప్ప, భోజన్న తెలుగు మాట్లాడేది బాయిలర్‌తోనే.

"మెట్‌పల్లి తమ్మీ. నీది?"

"నిర్మల్ దిక్కు. ఆశన్న అంటరు. ఓడల ఎంతమంది ఉన్నరే?"

మనవాడితో అబద్ధమాడాలా? భోజన్న మూట వైపు చూశాడు.

"పదిమంది! నేను పోయినా తొమ్మిదిమంది ఉంటరు. రాత్రి డ్యూటీ చేసిండ్రు, కింద పండుకున్నరు."

బాషా మొహం తిప్పుకుని మీసాల్లో నవ్వాడు. నోరు విప్పనని భోజన్నకు ముందే మాటిచ్చాడు.

"ఆఫీసుల ఒక్కడే ఉండాలె అన్నరు?"

"ఆఫీసోళ్లకేం ఎరుక? ఎన్నడన్న ఇటు మొకం పెట్టిండ్రా?"

"బయటోళ్లు ఎవరన్న వస్తరా?"

"రాకేం! చేపలోళ్లు వస్తరు, పోర్టోళ్లు వస్తరు. పోలీసోళ్లు గూడ వచ్చి చాయ్ తాగి పోతరు. జాతర లెక్కుంటది తమ్మీ. పొద్దెట్ల పోతదో తెల్వది. యల్లా, ఎక్కు!"

ఆశన్న ఆరేసిన బట్టల్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. తువ్వాల ముక్కు మీదికి లాక్కున్నాడు. నిచ్చెన వదిలేసి, వంగి, లాంచీ తాడు తనే విప్పాడు.

"ఏందబ్బా?" అన్నాడు బాషా.

"మలుపు భాయ్. వాపస్ పోదాం."

భోజన్న రెయిలింగు మీద నుంచి సగం కిందికి వంగాడు. "ఏమైంది తమ్మీ? ఇంతమంది తోడున్నంక ఇంకేం భయం?"

లాంచీకి, ఓడకు మధ్య నీళ్లు వెడల్పయ్యాయి. ఆశన్న నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, గొంతు తగ్గించి చెప్పాడు.

"మనోనివని నీకొక్కనికే చెప్తున్ననే. వీసా ఇచ్చిన కఫీల్ సేటు దగ్గర్నించి పారిపోయొచ్చిన, దొరికితే జైలే. ఎవ్వరుండరు, ఎవ్వరు రారు అంటెనే ఈ ఓడకు ఒప్పుకున్న. కింద పండుకున్నోళ్లకు మాత్రం చెప్పకు!"