ఉబ్బని బుగ్గలు

అప్పటికి కెమెరాలన్నీ ముఖాల్ని వాటంతటవే దిద్దేస్తున్నాయి. ఫ్యాషన్ పత్రిక ముఖచిత్రం కోసం, నాదస్వర విద్వాంసురాలు మస్తానమ్మ వాయిస్తుండగా వేదవతి ఫోటో తీసింది. తెరమీద బుగ్గలు ఉబ్బలేదు. పెదవి మీద నాదస్వరం పీక రాపిడికి కాసిన కాయ లేదు.

"ఇది నేను కాదమ్మా," అంది మస్తానమ్మ. "బుగ్గ ఉబ్బకపోతే ఊపిరి ఎక్కడ పట్టను?"

వేదవతి పదిసార్లు తీసింది. పదిసార్లూ అదే నున్నటి ముఖం. ఒళ్ళు మండి ఎడిటర్‌కు ఫోన్ చేసింది.

"అందంగానే ఉందిగా. వేలిముద్ర వేసి పంపండి," అన్నాడాయన. ఫోటోగ్రాఫర్ వేలిముద్ర లేనిదే ఏ ఫోటో అచ్చుకెక్కదు.

"నలభై ఏళ్ళ సాధన చెరిపేసి అందమంటారా? వెయ్యను."

"అయితే ఇక మీకు పని ఉండదు."

"ఉండకపోనీండి," అని వేదవతి ఫోన్ పెట్టేసింది. కెమెరా కట్టేసి, మస్తానమ్మ ఎదురుగా నేలమీద కూర్చుంది.

"మళ్ళీ వాయించండి మస్తానమ్మగారూ. నేను చూస్తాను."