కిర్రు చెప్పుల సౌదా

బాలన్న కుట్టిన కిర్రు చెప్పులు వేసుకుని బాన్సువాడలో అడుగు వేస్తే, కోటగిరిలో కుక్కలు లేచి మొరిగేవి.

వలస రైతుల క్యాంపు ఆసామి హరనాథబాబు ఏటా ఒక జత కుట్టించుకునేవాడు. ఆయన కాలువ గట్టు ఎక్కగానే పొలంలో కూలీలకు ఆ కిర్రు వినిపించేది. ఆయన వచ్చేసరికి అందరూ నడుములు వంచి నాట్లు వేస్తూ ఉండేవారు. తన కూలీలంత పనిమంతులు జిల్లాలోనే లేరని ఆయన నమ్మకం. బాలన్న చల్లగా ఉండాలని కూలీలు ప్రతి ఆదివారం ప్రార్థన చేసేవారు.

1998 వచ్చేసరికి బాలన్న వేళ్లు వంకర్లు పోయాయి. తోలు గుచ్చే ఆరె పట్టి పొడిస్తే తోలుకు బదులు బొటనవేల్లో దిగబడుతోంది. కొట్టు ఎవరికైనా అమ్మేసి ఇంటిపట్టున ఉందామనుకున్నాడు. కొట్టున్న గది యజమాని అంతకంటే తొందరలో ఉన్నాడు.

"నెలాఖరుకల్ల చెప్పులు కుట్టేటోడు దొరకకపోతే, నేను టెలిఫోన్ బూత్‌కు కిరాయికిస్త," అన్నాడు.

బాలన్నకు అన్నం సహించలేదు. నలభై ఏళ్ల కిర్రు తన చేతుల్లోనే ఆగిపోతుందని దిగులు.

అప్పుడు వెస్లీ వచ్చాడు. ముప్ఫై ఏళ్ల మనిషి. మహారాష్ట్రలో, దెగ్లూర్‌లో ఎనిమిదేళ్లు చెప్పులు కుట్టాడు. సొంత కొట్టు పెట్టుకోవాలని తిరిగొచ్చాడు.

"కుట్టుడు నాకొస్తది కాకా. కిర్రే రాదు," అన్నాడు. "నెల రోజులు నా పక్కన కూసో. నేను కుట్టిన జత మంచిగ పలుకుతుందో లేదో చెప్పు. నాకు కుదిరితే కొట్టు తీస్కుంట. లేకుంటే లేదు."

బాలన్న ముఖం మాడిపోయింది. విద్య ఇవ్వడానికి ముసలాయనకు మనసొప్పడం లేదనుకున్నాడు వెస్లీ.

పక్కనే పీట మీద బీడీలు చుడుతున్న భార్య చిన్నవ్వ తలెత్తింది.

"కూసుంటడు తియ్. నేను గూడ కూసుంట."

"నువ్వెందుకవ్వా?"

"నలభై ఏండ్ల సంది గీ మనిషి పక్కన కూసున్న. ఇప్పుడు నువ్వొచ్చి లేపుతవా?"

వెస్లీ నవ్వేశాడు.

కొట్టు ముందు ఒక బండ ఉండేది. కుట్టిన జత తొడుక్కుని దాని మీద అటూ ఇటూ నడవాలి. అది బాలన్న పద్ధతి. వెస్లీ నడిచేవాడు. బీడీ మీద చిన్నవ్వ చేతులు ఆగిపోయేవి.

"విప్పు," అనేవాడు బాలన్న.

కుట్లన్నీ విప్పి మళ్లీ మొదటినుంచి కుట్టాలి. మూడు వారాల్లో తొమ్మిది జతలు విప్పించాడు. పదో జతకు చిన్నవ్వ తన మానాన తాను చుట్టుకుంటూనే ఉంది. "గిట్లుండాలె," అన్నాడు బాలన్న. వెస్లీ పొంగిపోయాడు. ఆ తర్వాత మళ్లీ నాలుగు విప్పించాడు.

కోటగిరి కుక్కల సంగతి కొంచెం ఎక్కువైంది, ఒప్పుకుంటాను. కోటగిరి ఎక్కడ, బాన్సువాడ ఎక్కడ. బాలన్న కిర్రు సంత మొగదల దాకా వినిపిస్తే గొప్ప. కాని పాపం వెస్లీ కుట్టిన కిర్రు ఆ బండ దాటడానికే ఆయాసపడుతోంది.

వెస్లీకి విసుగొచ్చింది.

"నిజంగ ఇని చెప్తున్నవా కాకా, నన్ను సతాయించనీకె చెప్తున్నవా?"

"పని చూస్కో," అన్నాడు బాలన్న.

నెల ఆఖరి రోజున చిన్నవ్వకు జ్వరం వచ్చింది. కూతురు సుచరిత ఆమెను ఆటోలో దవాఖానకు తీసుకుపోయింది. బాలన్న ఒక్కడే కొట్టుకు వచ్చాడు.

వెస్లీ రెండు జతలు తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

"ఇగ చూడు కాకా. గిందుల ఒకటి మంచిగ కుట్టిన. ఇంకొకటి కావాలని చెడగొట్టిన. ఏది ఏదో చెప్పు. తప్పు చెప్పినవనుకో, నెల రోజులు నన్ను ఉత్తగనే ఆడించినవన్నట్టు. పొద్దుగూకంగ దెగ్లూర్ బస్సెక్కుత. కొట్టు నాకొద్దు."

బాలన్న పక్కకు చూశాడు. పీట ఖాళీగా ఉంది.

"నడువు," అన్నాడు.

వెస్లీ వంగి చెప్పులు తొడుక్కుంటూ, "అవ్వకెట్లుంది?" అని అడిగాడు. బాలన్న పలకలేదు. కోపమొచ్చినట్టుంది అనుకున్నాడు వెస్లీ.

ఒక జతతో నడిచాడు. రెండో జతతో నడిచాడు. బాలన్న ఏమీ తేల్చలేదు.

"మళ్ల."

మళ్లీ నడిచాడు. అలా నాలుగుసార్లు. బాలన్న చెప్పుల వంక చూడనే లేదు. వెస్లీ ముఖం మీది నుంచి కళ్లు తిప్పలేదు. ఇద్దరికీ చెమటలు పడుతున్నాయి. ఎదురుగా గది యజమాని వచ్చి నిలబడ్డాడు, చేతిలో గది కొలిచే టేపుతో.

నాలుగోసారి రెండో జతతో బండ మీద అడుగు పడింది. వెస్లీ మెడ నిటారుగా లేచింది. ఛాతీ ముందుకొచ్చింది. అచ్చం హరనాథబాబు కాలువ గట్టు ఎక్కినట్టు, నాలుగడుగులు వేశాడు. తనకు తెలియకుండానే.

"గిదే," అన్నాడు బాలన్న.

వెస్లీ బండ మీదే కూలబడ్డాడు.

"ఎట్ల కనిపెట్టినవ్ కాకా?"

"నీకు ఎరికైంది గద. ఇగ నాతోని ఏం పని?"

సాయంత్రానికి కొట్టు బేరం కుదిరి సౌదా అయిపోయింది. గది యజమాని టేపు చుట్టుకుని వెళ్లిపోయాడు. వెస్లీ బోర్డు మీద బాలన్న పేరు అలాగే ఉంచాడు. కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ, "మా కాక చెవి అసుంటి చెవి గీ చుట్టుపక్కల లేదు," అని చెప్పుకునేవాడు.

నాలుగుసార్లు నడిపించాడన్నది నేను కల్పించాను, నిజానికి రెండుసార్లే. బాలన్నకు పదకొండేళ్లుగా రెండు చెవులూ వినపడవన్నది మాత్రం కల్పన కాదు.