పచ్చడి సీసాలో మడ్డి

"ఆ మడ్డి పారబోయొద్దప్పా. నాకియ్యి."

కారు కింద పడుకున్న ఉస్మాన్ తల బయటికి పెట్టి చూశాడు.

తలకు తువ్వాలు చుట్టుకున్న పెద్దాయన నిలబడి ఉన్నాడు. చేతిలో ఖాళీ పచ్చడి సీసా.

"ఇంజన్లో మడ్డి మామా ఇది. ఏం చేసుకుంటావు? తలకు పూసుకుంటావా?"

"ఇంట్లో తలుపుకు చెదలు పట్టిందిలేప్పా."

ఉస్మాన్ నవ్వి, పళ్లెంలోని నల్లటి మడ్డిని సీసాలోకి ఒంపాడు. ముదిరిన బెల్లంపాకంలా అది దిగడానికి చాలాసేపు పట్టింది. వాల్వుల మీద గీకి తీసిన కార్బన్ పెళ్లలు కూడా కావాలన్నాడు పెద్దాయన. అవీ పొట్లం కట్టి ఇచ్చాడు.

"సంపు విప్పినావా?"

"విప్పకుంటే ఇంత మడ్డి యాడనుంచి వస్తుంది మామా?"

ఇంజను అడుగున ఆయిలు నిలిచే తొట్టి అది. కడిగి బోర్లించి ఉంది. పెద్దాయన వంగి, దాన్ని తిప్పి చూశాడు. లోపల వేలితో తడిమాడు. చాలాసేపు లేవలేదు.

ఉస్మాన్ కువైట్ నుంచి వచ్చి, ప్రొద్దుటూరులో మైదుకూరు రోడ్డు మీద ఎన్నాళ్లుగానో మూతపడి ఉన్న ఈ షెడ్డును అద్దెకు తీసుకున్నాడు. పని తెలిసినవాడే. బండ్లు వచ్చేదే లేదు. ఆ ఒక్క కారు కూడా సరిగ్గా షెడ్డు ముందు పొగ కక్కి ఆగిపోయింది కాబట్టి దొరికింది. మిగతా రోజంతా ఈగలు తోలుకోవడమే.

షెడ్డు నడవకపోతే మళ్లీ కువైట్ పోవాల్సిందే. కూతురు హీనా ఇప్పుడిప్పుడే "అబ్బా" అంటూ వచ్చి ఒళ్లో కూర్చుంటోంది. మొన్నటిదాకా ఆ పిల్లకు తండ్రంటే ఫోన్లో కనిపించే మనిషి. బిడ్డను విడిచి మళ్లీ విమానం ఎక్కడమంటే ఉస్మాన్‌కు ప్రాణం మీదికి వచ్చినట్టే ఉంది.

గాలి పట్టించుకోవడానికి ఆగిన జీపు డ్రైవరు అసలు సంగతి చెప్పాడు.

"ఈ షెడ్డులోనా? అమ్మో! ముందుండిన మెకానిక్కు సంపు విప్పకుండానే కిరసనాయిలు పోసి, ఇంజను కడిగినానని పంపించేసె. లోపల ఊడిన మడ్డంతా పోయి ఆయిలు దారికి అడ్డం పడె. శ్రావణ శనివారం గండి గుడికి పోతా పోతా పులివెందుల శివ కారు ఇంజను పట్టేసె. పిల్లాజెల్లా అంతా ఎండలో, రోడ్డు మీద! అప్పట్నుంచి మా డ్రైవర్లెవురూ ఈ పక్కకు రారప్పా."

గాలి కూడా పట్టించుకోకుండానే వెళ్లిపోయాడు.

మర్నాడు పెద్దాయన వచ్చేసరికి ఉస్మాన్ ఉడికిపోతున్నాడు.

"ఎవుడో చేసిన పాపం నా నెత్తిన పడింది మామా. వాడు కనపడితే ఆ మడ్డే వాని నోట్లో పోస్తా."

"పొయ్యాల్సిందేలేప్పా," అన్నాడు పెద్దాయన నిదానంగా. చేతిసంచి భుజాన వేసుకుని, జమ్మలమడుగు బస్సెక్కి పోయాడు.

కొన్నాళ్లకు జమ్మలమడుగు నుంచి ఒక టాక్సీ వచ్చింది. ఆ తర్వాత వల్లూరు నుంచి ఇంకోటి.

"ఎవురు చెప్పినారన్నా?"

"స్టాండులో ఎవురో చెప్తాంటే విన్నాలేప్పా."

ఉస్మాన్ తన పనితనమే ఊరూరా పాకిందనుకున్నాడు. ఇంటికి పోయి భార్య అఫ్సానాకు గొప్పలు చెప్పుకున్నాడు. ఆమె అతని పాస్‌పోర్టును బీరువాలో చీరల అడుక్కు తోసేసింది. హీనా తండ్రి వేళ్ల సందుల్లోని నలుపు చూసి మూతి ముడిచినా, ఆ చేతుల్లోనే నిద్రపోతోంది. ఉస్మాన్‌కు ఇంతకంటే ఏం కావాలి?

పెద్దాయన మాత్రం వస్తూనే ఉన్నాడు. ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని, విప్పిన ప్రతి సంపూ చూస్తాడు. కార్ల వాళ్లు నిలబడాల్సి వస్తోంది.

"నీకు వేరే పనేం లేదా మామా? ఈ కుర్చీ కస్టమర్లకు. మడ్డి కావల్లంటే బయట డబ్బాలో పెడతా, తీస్కపో."

పెద్దాయన లేచాడు. కోపం లేదు. ముఖం తేటగా ఉంది.

"ఇంగ మడ్డితో పని లేదులేప్పా. నా తలుపు బాగైంది."

మళ్లీ రాలేదు. పని ఒత్తిడిలో ఉస్మాన్ కూడా తలుచుకోలేదు.

శ్రావణ మాసం ఇంకా రాకముందే, నడివయసు మనిషి ఒకడు షెడ్డు ముందు తెల్ల కారు ఆపి దిగాడు.

"గండికి జనం మొదలైతారు. దానికి ముందే ఇంజను కడిగియ్యల్ల. నేను పులివెందుల శివను."

ఉస్మాన్ స్పానరు కింద పెట్టాడు. "గండి దారిలో ఆగిపోయిన కారు..."

"నాదే. పాత ఇనుము కింద అమ్ముకుంటి."

"మల్లా ఈ షెడ్డుకే ఎట్ల వచ్చినావన్నా?"

"ఒక పెద్దాయన పచ్చడి సీసాలో మడ్డి పెట్టుకోని స్టాండు స్టాండుకూ తిరిగినాడప్పా. 'కొత్త పిల్లోడు సంపు విప్పి కడుగుతాండాడు, నా కండ్లారా చూసినా, పోండి' అని ఒక్కొక్క డ్రైవరుకూ చూపిచ్చినాడు. శానామంది తిట్టినారు. ఒకడు కొట్టబోయినాడు గూడా. అయినా పోడే!"

"తలకు తువ్వాలు చుట్టుకోని ఉంటాడా?"

"ఆయనే. ఇప్పుడు ఊర్లో లేడు. కూతురి కాడికి ఎలబారిపోయినాడంట, కదిరికో యాడికో."

ఉస్మాన్ కుర్చీ వైపు చూశాడు. లేపి పంపిన మాట గుర్తొచ్చింది.

"అంత తిట్టినోళ్లు, ఆయన మాట మీద ఎట్ల వచ్చినారన్నా?"

శివ బానెట్ ఎత్తుతూ మామూలుగా అన్నాడు.

"ఆయనే చెప్పినాంక నమ్మకుంటే ఎట్లప్పా? ఆ పొద్దు సంపు విప్పకుండా నా కారును గండికి పంపించింది ఆయనే గదా!"