ఆత్మారాం కాలి కట్టు

"రక్తం కాలువ కట్టింది. మా మేస్త్రి ఒంటె అందుల ఈదుకుంట ఒడ్డెక్కింది, నమ్ముర్రి!" అన్నాడు ఆత్మారాం, కుంటి కాలు బల్ల మీదికి చాపి.

బోధన్ బస్టాండు ముందరి చాయ్ హోటల్ గొల్లుమంది.

"ఒంటెకు ఈతొచ్చునా అన్నా?" భీమన్న ఎగదోశాడు. "ఇంతకు కట్టు ఎవలు కట్టిండ్రు?"

"ఎవలు కడ్తరు? నా లుంగీ నేనే పర్రున సింపి కట్టుకున్న. గా కట్టు లేకుంటే పాణం పోతుండెనని డాక్టరే అన్నడు."

గల్ఫులో రేకు జారి తొడ కోసుకుపోయిన కథ అది. చెప్పినప్పుడల్లా గాయం జానెడు పొడుగయ్యేది. ఈపాటికి మెడ దాకా రావలసింది.

నవ్వులు ఆగిపోయాయి. వర్ని బస్సు దిగిన హన్మవ్వ కాగితం పట్టుకొని ఎదుట నిలబడింది. ఆమె కొడుకు రాజేందర్, ఆత్మారాం గల్ఫులో ఒకే గదిలో ఉన్నవాళ్లు. ఆ దేశపు జెండా చింపిన నేరానికి రాజేందర్ ఇప్పుడు అక్కడి జైల్లో ఉన్నాడు.

"మూడేండ్లు ఏసిండ్రు బిడ్డా. ఎందుకు సింపినవంటే నోరు ఇప్పుతలేడట. సంగతి తెల్సినోళ్లు రాసిస్తే శిక్ష తగ్గిస్తరట. రేపే గడువు."

ఆత్మారాం కాలు దించాడు. "నాకేం తెల్సవ్వా? గా దినం నేను దవాఖానల పడున్న."

"ఒక్క గదిల పండుకున్నోళ్లు గాదా?"

"గానికి కోపమెక్కువ. సెలవియ్యలేదని సింపిండేమో."

"మా రాజుకు కోపమా?" ఆమె కాగితం బల్ల మీద పరిచింది. "పోనీ, మంచోడనన్న రాయి."

"మళ్ల వీసా వచ్చింది నాకు. జెండా కేసుల నా పేరు పడితే ఇమానం దిగంగనే వేలిముద్ర కాడ పట్టుకుంటరు. నా పిల్లలు ఏం గావాలె?"

హన్మవ్వ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. "నీ కాలెట్లున్నది బిడ్డా? ఫోన్ జేస్తే వాడు ముందుగాల గదే అడుగుతడు."

"మంచిగున్నది" అని ఆత్మారాం సగం చాయ్ వదిలేసి లేచాడు.

ఇంటికి రాగానే పెట్టె అడుగు నుంచి బట్టముక్క తీశాడు. నెత్తురు ఎండి అట్టలా బిగిసింది. దవాఖానాలో కత్తెర వేసినా, రాజేందర్ పళ్లతో లాగి బిగించిన ముడి అలాగే ఉంది. అక్కడ పారేసే ధైర్యం లేక వెంట తెచ్చుకున్నాడు. దాన్ని తీసుకెళ్లి నీళ్ల పొయ్యిలోకి తోశాడు.

"అయ్యో, పాణం నిలబెట్టిన కట్టు! దాసుకోరాదు?" అంది భార్య నిరోష.

"పాత లుంగీ ముక్క. దాన్నేం దాసుకుంట?"

ముడి కాలి తెగి, బట్ట మంటలో పరుచుకుంది. నెత్తురంటని కొసన రంగులు బయటపడ్డాయి.

అది లుంగీ కాదు, జెండా.