అతికినట్టు కలిసిన గీత

"నేను సంతకం పెట్ట సార్," అంది కృప.

ల్యాప్‌టాప్ తెర మీద గైడు మహేందర్ సారు ముఖం మాడిపోయింది. పక్క గడిలో ఉన్న కమిటీ పెద్ద ప్రేమలత మేడం కళ్లజోడు సవరించుకుంది.

కృప చేస్తున్నది పీహెచ్‌డీ. అయస్కాంతాల నడుమ బిగించి నిలిపిన ప్లాస్మా అనే మహా వేడి వాయువు, అంచు దగ్గర ఎలా సుళ్లు తిరిగి యంత్రం గోడను కాలుస్తుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం ఆమె పని. సెలవులకు సొంతూరు పెద్దమందడి వచ్చినా ఆ లెక్కను వదల్లేదు. ఇప్పుడా లెక్క గీతా, యంత్రంలో కొలిచామంటూ సారు తెచ్చిన గీతా అతికినట్టు కలిశాయి. ఇంకొకరైతే ఎగిరి గంతేసేవారు. కృపకు ఒళ్లు మండింది.

"ఇంత బాగా కలిస్తే నీకొచ్చిన బాధేంటమ్మా?"

"గంత బాగ కలిసిందనే బాధ సార్. సుడి అన్నంక రెండుసార్లు ఒక్క తీరుగుండదు. సగటు కలవాలె గని గీత గీతకు ఎట్ల కలుస్తది? మా అమ్మ పల్లికాయ తూర్పారబడితే, పొట్టు నిన్న పడ్డకాడనే ఇయ్యాల పడతదా?"

"పొట్టు కబుర్లు పొలంలో చెప్పుకో. ఈ పేపర్ మీద నీ సంతకం లేకపోతే, నీ థీసిస్ మీద నా సంతకం ఉండదు."

మూలన పల్లికాయ ఒలుస్తున్న హన్మమ్మ చేయి ఆగిపోయింది. కూలికి పోయి చదివించిన బిడ్డ ఇది.

"జర తగ్గు బిడ్డా," అని గొణిగింది. "మొన్న పోయినట్లు కరెంటు మల్ల పోతదేమో. సరే అని ఫోను పెట్టెయ్."

"చదువు పోతే పోనీ అమ్మ. అబద్ధానికి మాత్రం పేరియ్య."

కృప ఆ రెండు గీతలున్న బొమ్మను తెర నిండా పెద్దది చేసింది. "మేడం, సారు గీత నడుమ గీ జాగ చూడుండ్రి. సుళ్లన్నీ ఆగి బల్లపరుపుగుంది."

"అవును. ఏంటిది మహేందర్ గారూ?"

సారు తడుముకోలేదు. "అదే మేడం ఈ ప్రయోగంలో విశేషం. ప్లాస్మా అక్కడ కాసేపు శాంతించింది. దగ్గరుండి నా కళ్లతో చూశాను."

కృప కుర్చీ ముందుకు జరుపుకుంది.

"మొన్న కరెంటు పోయి నా లెక్క నడుమల తెగింది మేడం. ఆ ఖాళీని నేనే అడ్డగీత గీసి పూడ్చి, సారుకు పంపిన. మా పెద్దమందడి కరెంటు కోత మీ యంత్రంల ఎట్ల పడ్డది సార్?"